రెడ్‌వుడ్ అడవిలో నడక: దిగడం తేలిక, ఎక్కడమే పరీక్ష

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులు చాలామంది చూసొచ్చే చోట్లలో కాలిఫోర్నియా రెడ్‌వుడ్ అడవులు ఒకటి. ప్రపంచంలోకెల్లా ఎత్తయిన చెట్ల నీడలో నడక మనసుకూ ఒంటికీ మేలు చేస్తుంది. కానీ లోపలికి వెళ్లే మారుమూల దారుల్లో ఒక తిరకాసు ఉంది. బయల్దేరే ముందే అది తెలుసుకోవాలి.

ఎండాకాలం వచ్చిందంటే మా ఓపీకి అరవై దాటిన దంపతులు కొందరు వస్తుంటారు. చేతిలో పాత మందుల చీటీలు, రిపోర్టుల సంచీ. ‘పిల్లల దగ్గరికి వెళ్తున్నాం డాక్టర్ గారూ, ఆరు నెలలకు సరిపడా మందులు రాసివ్వండి’ అంటారు. బీపీ, షుగర్, మోకాళ్ల గురించి చెబుతారు. అక్కడ ఏమేం చూడబోతున్నారో, ఎంత దూరం నడవబోతున్నారో మాత్రం చెప్పరు. నిజానికి ముందుగా మాట్లాడుకోవాల్సింది దాని గురించే. ఇక్కడ రోజూ పార్కులో రెండు రౌండ్లు తిరిగే మనిషి, అక్కడ ఒక్క శనివారం నాడు మూడు నాలుగు గంటలు కొండదారిలో నడవాల్సి రావొచ్చు.

అసలేమిటీ అడవి?

కోస్ట్ రెడ్‌వుడ్ చెట్లు కాలిఫోర్నియా తీరం వెంబడి, ఒరెగాన్ దక్షిణ కొస దాకా ఉండే సన్నటి పట్టీలో మాత్రమే సహజంగా పెరుగుతాయి. వీటిలో ‘హైపీరియన్’ అని పేరు పెట్టిన చెట్టు ఎత్తు దాదాపు 116 మీటర్లు. సుమారు 38 అంతస్తుల భవనమంత. దాన్ని 2006లో గుర్తించారు. కొన్ని చెట్ల వయసు రెండు వేల ఏళ్లు దాటింది. బెరడు ఒక్కోచోట అడుగు మందం ఉంటుంది. అది చెట్టును మంటల నుంచి కాపాడుతుంది. ఇంత ఎత్తు చెట్టుకు వేళ్లు మాత్రం పెద్ద లోతుకు పోవు. పక్కలకు ముప్ఫై మీటర్ల దాకా పాకి, ఇరుగుపొరుగు చెట్ల వేళ్లతో అల్లుకుంటాయి. ఎండాకాలంలో వాన పడకపోయినా సముద్రం మీంచి వచ్చే పొగమంచే వీటికి నీరు. ఏడాది మొత్తం మీద అందే నీటిలో మూడో వంతు దాకా ఈ మంచు నుంచే వస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి.

ఒకప్పుడు ఎనిమిది లక్షల హెక్టార్లలో ఉన్న ఈ పాత అడవిలో గొడ్డలి పడకుండా మిగిలింది సుమారు 5 శాతమే. మిగిలినదాన్ని కాపాడటానికే 1968లో రెడ్‌వుడ్ నేషనల్ పార్కు ఏర్పాటైంది. 1978లో దాన్ని విస్తరించారు. 1980లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

ఈ పార్కులో లోపలికి, జనసంచారానికి దూరంగా ఉండే చోటు టాల్ ట్రీస్ గ్రోవ్. 1963లో నేషనల్ జియోగ్రాఫిక్ బృందం అప్పటికి తెలిసినవాటిలో అతి ఎత్తయిన చెట్టును కొలిచింది ఇక్కడే. రద్దీ పెరగకుండా పరిమితంగానే వాహనాలను అనుమతిస్తారు. ముందుగా ఆన్‌లైన్‌లో ఉచిత పర్మిట్ తీసుకోవాలి. గేటు దాటి, కంకర రోడ్డు మీద కొన్ని మైళ్లు వెళ్లాక నడకదారి మొదలవుతుంది. లోపల ఫోన్ సిగ్నల్ ఉండదు. దుకాణం, తాగునీరు దొరకవు. దగ్గర్లో ఉన్న పెద్ద పట్టణం ఆర్కేటా. నడకదారి మొదలయ్యే చోటు నుంచి అక్కడికి చేరాలంటే కారులో గంటకు పైనే పడుతుంది.

తిరుమలకు తలకిందులు

మనకు తెలిసిన కొండ నడక అంటే తిరుమల. అలిపిరి దగ్గర మొదలుపెట్టి 3,550 మెట్లు ఎక్కుతాం. కష్టం ముందే వస్తుంది. గాలిగోపురం చేరేలోపే మన సత్తా ఎంతో మనకు తెలిసిపోతుంది. ఆయాసమొస్తే కూర్చుంటాం. మరీ కాదనుకుంటే వెనక్కి దిగి బస్సెక్కుతాం. దారి పొడవునా మనుషులు, మంచినీళ్లు, వైద్య సాయం ఉంటాయి.

టాల్ ట్రీస్ దారి దీనికి పూర్తిగా తలకిందులు. ఆ చెట్లు లోయలో, వాగు ఒడ్డున ఉంటాయి. ముందు సుమారు 800 అడుగులు కిందికి దిగాలి. చల్లటి గాలి, మెత్తటి మట్టి దారి, రెండు వైపులా పచ్చటి ఫెర్న్ పొదలు. హాయిగా దిగిపోతాం. చెట్లు చూసి, ఫొటోలు తీసుకుని, తెచ్చుకున్నది తిన్నాక అసలు పని మొదలవుతుంది. అదే 800 అడుగులు తిరిగి ఎక్కాలి. ఇళ్ల లెక్కలో చెప్పాలంటే దాదాపు 80 అంతస్తులు! మొత్తం నడక ఆరేడు కిలోమీటర్లు. మూడు నాలుగు గంటలు చేతిలో ఉండాలి.

అంటే కష్టమైన సగం చివర్లో ఉంటుంది. అప్పటికే కాళ్లు అలసిపోయి ఉంటాయి, సీసాలో నీళ్లు తగ్గి ఉంటాయి, పొద్దు వాలుతుంటుంది. కింద దాకా దిగాక ‘నా వల్ల కాదు’ అంటే తీసుకెళ్లడానికి డోలీ లేదు, బస్సు లేదు.

దిగేటప్పుడు ఒళ్లు ఎందుకు మోసం చేస్తుంది?

దిగేటప్పుడు గుండెకు, ఊపిరితిత్తులకు పని తక్కువ. ఆయాసం రాదు. అందుకే ‘బాగానే ఉన్నాం’ అనిపిస్తుంది. కానీ ఆ సమయంలో తొడ ముందు భాగంలోని కండరాలు బ్రేకుల్లా పనిచేస్తుంటాయి. సాగుతూనే బిగుసుకుని ఒంటి బరువును ఆపుతుంటాయి. అలవాటు లేని కండరాలకు ఇది పెద్ద శ్రమ. మర్నాడు, ఆ మర్నాడు తొడలు పట్టేసి మెట్లు దిగలేకపోవడానికి కారణం ఇదే. మోకాలి చిప్ప వెనక ఒత్తిడి కూడా చదునునేల మీదకంటే దిగుడులో చాలా ఎక్కువ. మోకాళ్ల అరుగుదల ఉన్నవారికి ఎక్కడంకన్నా దిగడమే ఎక్కువ నొప్పి తెప్పించడం మనకు తెలిసిందే.

ఎక్కేటప్పుడు పరిస్థితి మారిపోతుంది. ఒంటి బరువంతా పైకి లాగాలి. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. గుండె రక్తనాళాల్లో పూడికలు ఉండీ ఇన్నాళ్లూ బయటపడని వారికి, మొదటిసారి ఛాతీ బరువు తెలిసేది ఇలాంటప్పుడే. చలిగాలి దీనికి తోడవుతుంది. చలిలో రక్తనాళాలు కుంచించుకుంటాయి కాబట్టి అదే శ్రమకు గుండె మీద భారం ఎక్కువ పడుతుంది.

మీకు ఆ దారి సరిపోతుందా?

వయసును బట్టి తేల్చే విషయం కాదిది. డెబ్బై ఏళ్లకు హాయిగా ఎక్కేవారున్నారు, నలభై అయిదుకే ఎక్కలేనివారూ ఉన్నారు. ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. రెండంతస్తుల మెట్లు మామూలు వేగంతో, మధ్యలో ఆగకుండా, ఛాతీలో ఇబ్బంది లేకుండా ఎక్కగలగాలి. ఇది కనీస అర్హత మాత్రమే. రెండంతస్తులకే ఆగాల్సి వస్తే కొండదారి మాట పక్కన పెట్టి, ముందు డాక్టర్ను కలవాలి.

మెట్లు ఎక్కగలిగినా, కింది సమస్యలు ఉన్నవారు ప్రయాణానికి ముందే తమ వైద్యులతో ‘ఇంత ఎత్తు ఎక్కాల్సి ఉంటుంది’ అని విడమరిచి చెప్పి అడగాలి:

• ఈమధ్య గుండెపోటు వచ్చినవారు, స్టెంట్ లేదా బైపాస్ చేయించుకున్నవారు
• నడిస్తే ఛాతీ, దవడ, భుజం లాగినట్టుండి, ఆగితే తగ్గేవారు
• గుండె వైఫల్యం, ఉబ్బసం, సీఓపీడీ ఉన్నవారు
• అదుపులో లేని రక్తపోటు, మధుమేహం ఉన్నవారు
• తూలడం, పడిపోవడం, పాదాల తిమ్మిర్లు ఉన్నవారు

ఒక ముఖ్యమైన సంగతి. మధుమేహం ఉన్నవారిలోనూ, మహిళల్లోనూ గుండె సమస్య నొప్పి రూపంలోనే రావాలని లేదు. మునుపెన్నడూ లేని ఆయాసం, చెమటలు, వికారం, అంతులేని నీరసం కూడా దాని సూచనలే కావచ్చు. ‘గ్యాస్ పట్టింది’ అని సర్దుకుపోవద్దు.

ఆరు వారాల సాధన

టికెట్లు బుక్ చేసిన రోజు నుంచే నడక మొదలుపెట్టండి. రోజూ అరగంట, మాట్లాడగలిగేటంత వేగంతో. రెండో వారం నుంచి వారానికి మూడు రోజులు మెట్లు కలపండి. అపార్ట్‌మెంట్లో ఉంటే అదే మంచి వ్యాయామశాల. ఎక్కడంతో పాటు దిగడాన్నీ సాధన చేయాలి. తొడ కండరాలను దిగుడుకు అలవాటు చేస్తే తర్వాత వచ్చే నొప్పులు చాలా తగ్గుతాయి. కొత్త బూట్లు కొంటే అక్కడే మొదటిసారి తొడుక్కోకుండా, ఇక్కడే కొన్ని వారాలు వాడి పాదాలకు అలవాటు చేయండి.

విమానం దిగిన వారంలోపు పెద్ద నడక పెట్టుకోవద్దు. నిద్ర, మందుల వేళలు సర్దుకోవాలి. గంటల తరబడి కదలకుండా కూర్చుని వచ్చిన తర్వాత కొన్ని వారాల పాటు కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు కాస్త ఎక్కువగా ఉంటుంది. రెండు కాళ్లూ పట్టేస్తే కండరాల నొప్పి అనుకోవచ్చు. ఒక్క పిక్క మాత్రమే వాచి, వేడిగా ఉండి నొప్పి చేస్తే, లేదా ఉన్నట్టుండి ఆయాసం వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

షుగర్, బీపీ ఉన్నవారికి

ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవారిలో ఎక్కువసేపు నడిస్తే చక్కెర పడిపోవచ్చు. నడిచేటప్పుడే కాదు, ఆ రాత్రి కూడా పడిపోవచ్చు. ఆ రోజు మోతాదు మార్చాలా అన్నది ముందే డాక్టర్ను అడిగి రాయించుకోండి. ఖాళీ కడుపుతో బయల్దేరొద్దు. జేబులో గ్లూకోజ్ పొడి ఉండాలి. వణుకు, చెమట, విపరీతమైన ఆకలి, తికమక కనిపిస్తే వెంటనే ఆగి మూడు చెంచాల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగాలి. పావుగంట చూసి తగ్గకపోతే మళ్లీ తాగాలి. కుదుటపడ్డాక ఏదైనా తినాలి. మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి మందులు వాడేవారిలో గుండెదడ, వణుకు అంతగా తెలియకపోవచ్చు. చెమట పట్టడమే వారికి హెచ్చరిక.

మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే బీపీ మాత్రలు వాడేవారు ప్రయాణం రోజున బాత్రూమ్ భయంతో మాత్ర మానేయడం, నీళ్లు తాగకపోవడం చాలా ఇళ్లలో జరిగేదే. రెండూ ప్రమాదమే. వేళ మార్చుకోవచ్చేమో డాక్టర్ను అడగండి. చల్లటి చోట దాహం వేయదు, వయసు మీద పడ్డాక అసలే తక్కువ. కాబట్టి దాహంతో పని లేకుండా మధ్యమధ్యలో గుక్కెడు తాగుతూ ఉండాలి.

ఇక్కడి మందుల చీటీకి అక్కడి దుకాణాల్లో మందులివ్వరు. అన్ని మందులూ చేతి సామానులోనే పెట్టుకోవాలి. కంపెనీ పేర్లు కాకుండా మందు అసలు పేర్లతో, జబ్బుల వివరాలతో ఒక పేజీ రాయించుకుని దగ్గర ఉంచుకోండి.

చలి, చెమట, మూడాకుల పొద

నడివేసవిలో కూడా ఆ తీరపు అడవుల్లో చలిగానే ఉంటుంది. పొగమంచు కమ్ముకుంటే చెట్ల మీంచి వానలా కారుతుంది. నూలు బట్టలు తడిస్తే ఆరవు, ఒంటి వేడిని లాగేస్తాయి. త్వరగా ఆరే బట్టల మీద స్వెటర్, పైన వాన ఆగే జాకెట్ ఉండాలి. చీర, పంచె, చెప్పులతో ఈ దారిలో దిగొద్దు. రెండు చేతికర్రలు ఉంటే మోకాళ్ల మీద భారం తగ్గుతుంది, తూలకుండా ఆసరా అవుతాయి.

ఆ దారుల్లో పాయిజన్ ఓక్ అనే పొద ఉంటుంది. మారేడు దళంలా మూడేసి ఆకులు. చూడ్డానికి బాగుంటుంది, ముట్టుకుంటే మాత్రం ఒకటి రెండు రోజుల్లో దద్దుర్లు, నీటి పొక్కులు, భరించలేని దురద. ఇది మన మామిడి, జీడిమామిడి, నల్లజీడి కుటుంబంలోదే. మామిడి సొన అంటితే పెదవులు పొక్కేవారికి ఆ బాధ తెలుసు. చాకలివాళ్లు బట్టలకు గుర్తులు పెట్టే నల్లజీడి రసం అంటినా ఇలాగే అవుతుంది. ఆకు తగిలిందనిపిస్తే వీలైనంత త్వరగా సబ్బుతో కడగాలి. బట్టలనూ విడిగా ఉతకాలి. పొక్కుల్లోని నీటి వల్ల ఇతరులకు అంటుకోదు. పసుపు, ఆకుపసర్లు రాయొద్దు.

ఇంటికొచ్చాక చంకలు, గజ్జలు, మోకాళ్ల వెనక పిడుదులు అంటుకున్నాయేమో చూసుకోవాలి. ఉంటే పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టుకుని తిన్నగా పైకి లాగాలి. కాల్చడం, నూనె పోయడం వద్దు. తర్వాత నెలలోపు ఎర్రటి మచ్చ విస్తరించినా, జ్వరం వచ్చినా డాక్టర్‌కు ఈ సంగతి చెప్పాలి.

దాచుకోవద్దు, మొహమాటపడొద్దు

మందులు, బూట్లకన్నా ముఖ్యమైనది ఇది. పిల్లలు ఎప్పట్నుంచో అనుకుని, సెలవు పెట్టుకుని, ఆరేడు గంటలు కారు నడిపి తీసుకొచ్చారు. వాళ్ల సరదా చెడగొట్టడం ఎందుకని నాన్న ఛాతీలో పట్టేసినా చెప్పడు. అమ్మ మోకాలు లాగుతున్నా ‘నాకేం కాలేదు, మీరు పదండి’ అంటుంది. ఆసుపత్రి బిల్లు వేలల్లో, అదీ డాలర్లలో వస్తుందన్న భయం ఇంకొకటి. మన ఇళ్లలో ప్రేమ ఇలాగే ఉంటుంది. కానీ సిగ్నల్ లేని అడవిలో దాచుకున్న నొప్పికి సాయం అందడానికి గంటలు పట్టొచ్చు.

అందుకే పిల్లలకు ఒక మాట. ‘ఎలా ఉంది నాన్నా?’ అని అడిగితే ‘బాగుంది’ అనే జవాబే వస్తుంది. అలా అడగొద్దు. పక్కనే నడుస్తూ కబుర్లు చెప్పించండి. ఒక వాక్యం పూర్తిచేయడానికి మధ్యలో ఊపిరి తీసుకోవాల్సి వస్తుంటే ఆపాలి. అందరికన్నా నెమ్మదిగా నడిచేవారిని ముందుంచండి, మిగతావాళ్లు వెనక నడవండి.

దిగేముందు మరో పని చేయండి. మొదట పది నిమిషాలు మాత్రమే దిగి, తిరిగి పైకి ఎక్కి చూడండి. కారు దగ్గరికి చేరాక అయిదు నిమిషాల్లో ఊపిరి మామూలుకు రాకపోయినా, కాళ్లు వణికినా ఆ రోజుకు ఆ దారి మీది కాదు. నిర్ణయం తీసుకోవాల్సింది పైన ఉన్నప్పుడే, కింద కాదు.

అయినా దారిలో ఛాతీ బరువు, చల్లచెమట, తల తేలిపోవడం లాంటివి వస్తే అక్కడే కూర్చోబెట్టాలి. ‘కొంచెమే కదా, ఎక్కేద్దాం’ అని నడిపించొద్దు. డాక్టర్ ముందే ఇచ్చి ఉంటే నాలుక కింద పెట్టుకునే మాత్ర కూర్చున్నాకే వేయాలి. వెచ్చగా కప్పి, ఒకరు తోడుండి, మరొకరు సాయం కోసం వెళ్లాలి. కొన్ని కొత్త ఫోన్లలో సిగ్నల్ లేకపోయినా ఉపగ్రహం ద్వారా 911కి సందేశం పంపే వీలుంది. అది వాడటం ఇంట్లోనే నేర్చుకోండి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఊళ్లో ఉన్న ఒకరికి చెప్పి వెళ్లండి.

బిల్లు సంగతి. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు ముందు నుంచీ ఉన్న జబ్బులకు వర్తిస్తుందో లేదో చదివి చూడాలి. చాలా పాలసీల్లో మెలిక అక్కడే ఉంటుంది. మరో సంగతి కూడా తెలిసి ఉండాలి. 1986 నాటి అమెరికా చట్టం ప్రకారం ఎమర్జెన్సీకి వచ్చిన వ్యక్తిని, డబ్బు ఉన్నా లేకపోయినా, ముందు పరీక్షించి ప్రాణాపాయం నుంచి గట్టెక్కించాలి. దాదాపు అన్ని పెద్ద ఆసుపత్రులకూ ఇది వర్తిస్తుంది. బిల్లు తర్వాత వస్తుంది. దాని గురించి మాట్లాడుకోవచ్చు, వాయిదాల్లో కట్టొచ్చు. బిల్లు భయంతో గుండెనొప్పిని దాచుకోవడం మాత్రం తగదు.

చెట్లు అవే, దారి వేరు

ఇదంతా చదివి ‘అయితే మాకు ఆ భాగ్యం లేదా’ అనుకోవద్దు. అంతే పాత చెట్లు చదును దారుల్లోనూ ఉన్నాయి.

• లేడీ బర్డ్ జాన్సన్ గ్రోవ్: టాల్ ట్రీస్‌కు వెళ్లే రోడ్డు మీదే ఉంది. సుమారు రెండున్నర కిలోమీటర్ల చుట్టు. పెద్దగా ఎత్తుపల్లాలు లేవు.
• స్టౌట్ గ్రోవ్: క్రెసెంట్ సిటీ దగ్గర. మొదట్లో చిన్న దిగుడు, తర్వాత చదును. కిలోమీటరుకు అటూ ఇటూ.
• హెన్రీ కోవెల్ పార్కు: శాంటాక్రజ్ దగ్గర. శాన్‌హోజే నుంచి ఒక్కపూటలో వెళ్లి రావొచ్చు. కిలోమీటరున్నర లోపు చదును చుట్టు.
• మ్యూర్ వుడ్స్: శాన్‌ఫ్రాన్సిస్కోకు చేరువలో ఉంది. చెక్క బాటలు, చదును దారి ఉన్నాయి. పార్కింగ్ ముందే బుక్ చేసుకోవాలి.

చెట్ల మధ్య నడిస్తే మేలు జరగడానికి ఎత్తు ఎక్కి తీరాలని లేదు. అడవిలో నెమ్మదిగా, ఏ తొందరా లేకుండా గడపడానికి జపాన్ అటవీ శాఖ 1982లోనే ‘షిన్‌రిన్ యోకు’ అని పేరు పెట్టింది. అంటే అడవి స్నానం. అలా గడిపినప్పుడు ఒత్తిడి హార్మోన్, రక్తపోటు కొంత తగ్గుతాయని అక్కడి పరిశోధనల్లో తేలింది. 1984లో అమెరికాలో వెలువడిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో, పిత్తాశయం ఆపరేషన్ తర్వాత కిటికీలోంచి చెట్లు కనిపించే గదుల్లో ఉన్నవారు, గోడ మాత్రమే కనిపించే గదుల్లో ఉన్నవారికన్నా త్వరగా ఇంటికెళ్లారు. బలమైన నొప్పి మందులూ తక్కువే అడిగారు. వాళ్లు మంచం దిగి అడవికి వెళ్లలేదు, చెట్లను చూశారంతే. అలాగని బీపీ మాత్రకు బదులు అడవి అనుకోకూడదు. మాత్ర మాత్రే, చెట్టు చెట్టే.

అమ్మానాన్నలు వీసా పనుల మధ్య ఒక రోజు తీరిక చేసుకుని మెట్ల పరీక్ష చేసుకోండి. పిల్లలు పర్మిట్ బుక్ చేసే ముందు ఆ ఫలితం ఎంతో అడిగి తెలుసుకోండి. రెండంతస్తులకే ఆగిన నాన్నను లోయలోకి దింపొద్దు. లేడీ బర్డ్ గ్రోవ్‌లో ఒక బెంచీ మీద గంటసేపు కూర్చోబెట్టండి. ఆయన తలెత్తి చూసేదీ వందల ఏళ్ల నాటి చెట్టునే.